పిల్లల టెస్టు స్కోరును తోటి విద్యార్థులతో పోల్చి చదవడం ఎలా? రిపోర్టు చేతికొచ్చిన దగ్గర్నుంచి పిల్లలకు చెప్పే దాకా

"రిపోర్టులో 35 అని ఉంది. మావాడు ఫెయిలైనట్టేనా?" అని ఒక తండ్రి అడిగారు. ఆ కాగితంలో 35 పక్కన చిన్న అక్షరాల్లో "పర్సంటైల్" అని ఉంది. ఆయన దాన్ని నూటికి 35 మార్కులు అనుకున్నారు. ఇంటికెళ్లి పిల్లాణ్ని కోప్పడ్డారు కూడా. నిజానికి పర్సంటైల్ అంటే నూటికి ఎంతమంది తోటి పిల్లల కన్నా ముందున్నాడో చెప్పే అంకె. ఆ బాబు తన వయసు పిల్లల్లో మధ్యస్థంగానే ఉన్నాడు.

ఇలాంటి ప్రశ్నలు పదేపదే వస్తున్నాయి. అందుకే ఈ పని మొత్తాన్ని వరుసగా రాస్తున్నాను. వరుస మార్చకండి. చాలామంది ఐదో మెట్టు నుంచి మొదలుపెడతారు, పొరపాట్లు అక్కడే పుడతాయి.

1. ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

స్కోరు చూసే ముందే ఒక కాగితం మీద ఈ వివరాలు రాసుకోండి:

☐ టెస్టు పేరు, అది ఎన్నో ఎడిషన్
☐ టెస్టు రాసిన తేదీ, ఆ రోజుకి పిల్లల వయసు (ఏళ్లు, నెలలు), చదువుతున్న తరగతి
☐ ముడి మార్కు, అంటే ఎన్ని ప్రశ్నలకు ఎన్ని సరిగా చేశారు
☐ పర్సంటైల్, ప్రామాణిక స్కోరు అంటే సగటు నుంచి ఎంత దూరమో చెప్పే అంకె (రెండూ ఉంటే రెండూ)
☐ స్కోరు పక్కన బ్రాకెట్లో ఉండే రేంజి, ఉదాహరణకు 83–101
☐ ఎవరితో పోల్చారన్న వివరం. రిపోర్టులో నార్మ్ గ్రూప్ అని ఉంటుంది. ఇక్కడ పోలిక బృందం అంటాను

ఏదైనా లేకపోతే టెస్టు పెట్టినవాళ్లను అడగండి. అడగడం మీ హక్కు. పోలిక బృందం ఎవరో చెప్పలేకపోతే ఆ పర్సంటైల్‌ను పట్టించుకోకండి.

కాగితం చివర ఇంకో వాక్యం రాయండి: "ఈ స్కోరుతో నేను తేల్చుకోవాల్సింది ఏమిటి?" అదనపు సాయం కావాలా అన్నదా, ఏ పాఠం మళ్లీ చెప్పాలన్నదా, ఊరికే ఎలా ఉన్నాడో తెలుసుకోవాలన్నదా? రెండో మెట్టుకు ఈ జవాబు అవసరం.

2. మీకు కావాల్సింది పోలికేనా అని తేల్చుకోండి

స్కోరును రెండు రకాలుగా చదవొచ్చు. తోటివాళ్ల మధ్య ఎక్కడున్నాడో చూడటం ఒకటి. నేర్చుకోవాల్సినదాంట్లో ఎంత వచ్చిందో చూడటం రెండోది. 1963లో రాబర్ట్ గ్లేజర్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఈ రెంటినీ విడదీసి చూపించాడు. ఆ తేడా ఇప్పటికీ పనికొస్తుంది.

ఇరవై భిన్నాల లెక్కల్లో పిల్ల పద్దెనిమిది సరిగా చేసింది. నేర్చుకోవాల్సినదాంతో పోలిస్తే బాగా వచ్చినట్టే. కానీ తోటి పిల్లల్లో ఎక్కువమంది పందొమ్మిది, ఇరవై చేసి ఉంటే ఆమె పర్సంటైల్ తక్కువే ఉంటుంది. రెండు మాటలూ నిజమే.

"ఏ పాఠం మళ్లీ చెప్పాలి" అన్నది మీ ప్రశ్న అయితే పర్సంటైల్ వల్ల ఉపయోగం లేదు. జవాబు పత్రం తీసి తప్పులు చూడండి. "ఈ వయసు పిల్లలతో పోలిస్తే చదవడంలో వెనకబడ్డాడా" అన్నది ప్రశ్న అయితే ముందుకు రండి.

3. ఎవరితో పోల్చారో చూడండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఒకే పిల్లాడు, ఒకే జవాబు పత్రం. పోలిక బృందం మారితే పర్సంటైల్ మారిపోతుంది. ఎంపిక పరీక్షతో చేర్చుకున్న పిల్లలతో పోలిస్తే 30 వచ్చే పిల్లాడికి, ఆ వయసు పిల్లలందరితో పోలిస్తే 80 రావచ్చు. పిల్లాడిలో ఏ మార్పూ లేదు.

నాలుగు సంగతులు చూడండి.

వయసా, తరగతా? పోలిక బృందం స్కోర్లతో తయారుచేసిన పట్టికల్ని నార్మ్‌లు అంటారు. వయసు నార్మ్‌లు అదే వయసువాళ్లతో పోలుస్తాయి, తరగతి నార్మ్‌లు అదే తరగతివాళ్లతో. ఏడాది ముందే బడిలో చేరిన పిల్లకు ఈ రెండూ వేర్వేరు అంకెలిస్తాయి. తరగతిలో చిన్నది కాబట్టి తరగతి పోలికలో కాస్త కింద, వయసు పోలికలో కాస్త పైన ఉండొచ్చు. రెండు రిపోర్టుల్ని పక్కపక్కన పెడితే, రెండిట్లోనూ ఒకే రకం నార్మ్‌లు వాడారో లేదో చూసుకోండి.

ఏడాదిలో ఎప్పుడు? చిన్న తరగతుల పిల్లలు కొన్ని నెలల్లోనే చాలా నేర్చుకుంటారు. ఏడాది మొదట్లో రాసిన పరీక్షను ఏడాది చివర సేకరించిన నార్మ్‌లతో పోలిస్తే పిల్లాడు లేనిపోని వెనకబాటులో కనిపిస్తాడు. అదే తారుమారైతే లేనిపోని ముందంజలో కనిపిస్తాడు.

ఎప్పటి నార్మ్‌లు? 1987లో అమెరికాలో జాన్ కానెల్ అనే వైద్యుడు లెక్క తీశాడు. ఎలిమెంటరీ స్థాయిలో జాతీయ సగటు కన్నా తక్కువ ఉన్నామని 50 రాష్ట్రాల్లో ఒక్కటీ చెప్పలేదని తేలింది. అందరూ సగటు కన్నా పైన ఉండటం కుదరదు కదా. పాతబడిన నార్మ్‌లతో పోల్చడం, టెస్టులో వచ్చేవాటినే పట్టి చదివించడం ఇందుకు కారణాలని చెప్పుకున్నారు. మీ రిపోర్టులో నార్మ్‌లు ఏ ఏడాదివో తప్పకుండా చూడండి.

ఆ బృందంలో మీ పిల్లాడిలాంటి పిల్లలున్నారా? ఇంట్లో ఒక భాష, టెస్టులో వేరే భాష ఉన్న పిల్లాణ్ని, ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లతో పోలిస్తే స్కోరు భాష సంగతి చెబుతుందే తప్ప తెలివి సంగతి చెప్పదు.

4. పర్సంటైల్ ఎలా వస్తుందో ఒక్కసారి చేత్తో లెక్కేయండి

ఒక్కసారి లెక్కేస్తే ఇంకెప్పుడూ పర్సంటైల్‌ను మార్కుల శాతం అనుకోరు.

తరగతిలో 40 మంది. పరీక్ష 50 మార్కులకు. మన పిల్లకు 31 వచ్చాయి. 31 కన్నా తక్కువ వచ్చినవాళ్లు 27 మంది. సరిగ్గా 31 వచ్చినవాళ్లు ఆమెతో కలిపి 4. పైన 9 మంది.

తక్కువ వచ్చిన 27 మందికి, సమానంగా వచ్చినవాళ్లలో సగం, అంటే 2 కలపండి. 29. దాన్ని 40తో భాగించి 100తో గుణిస్తే 72.5.

మార్కుల శాతం 62. తరగతిలో ర్యాంకు 10. పర్సంటైల్ 72.5. ఒకే జవాబు పత్రానికి మూడు అంకెలు, మూడూ సరైనవే.

ఇక్కడో మెలిక. కొందరు తక్కువ వచ్చినవాళ్లనే లెక్కిస్తారు: 27/40, అంటే 67.5. కొందరు సమానంగా వచ్చినవాళ్లందర్నీ కలుపుతారు: 31/40, అంటే 77.5. లెక్క పద్ధతి మారితేనే పది పాయింట్ల తేడా. చిన్న బృందంలో ఇది తప్పదు. 40 మందిలో ఒక్కొక్కరు రెండున్నర పాయింట్లు. కాబట్టి ఒక్క తరగతి పర్సంటైల్‌ను దశాంశాలతో సహా పట్టుకుని వాదించకండి.

5. పర్సంటైల్ మెట్లు సమానంగా ఉండవని గుర్తుంచుకోండి

ఎక్కువమంది పిల్లలు మధ్యలో గుమిగూడి ఉంటారు, అంచుల్లో పలచగా ఉంటారు. కాబట్టి మధ్యలో ఒకటి రెండు ప్రశ్నల తేడాకే పర్సంటైల్ గంతులేస్తుంది. అంచుల్లో పెద్ద తేడా ఉన్నా కొంచెమే కదులుతుంది.

సగటు 100, ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ మార్కులు ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 15 ఉండే స్కేలు మీద చూడండి:

- 45 నుంచి 55 పర్సంటైల్‌కు: స్కోరు 98 నుంచి 102, అంటే 4 పాయింట్లు
- 89 నుంచి 99 పర్సంటైల్‌కు: స్కోరు 118 నుంచి 135, అంటే 17 పాయింట్లు

రెండు చోట్లా పర్సంటైల్‌లో తేడా పదే. అందుకే పర్సంటైల్‌లను కూడకూడదు, తీసివేయకూడదు, సగటు కట్టకూడదు. ఇద్దరి మధ్య లేదా రెండు సబ్జెక్టుల మధ్య తేడా కావాలంటే ప్రామాణిక స్కోరు దగ్గరికి వెళ్లాలి.

6. ప్రామాణిక స్కోరు చదవండి

సగటు నుంచి ఎంత దూరంలో ఉన్నాడన్నదే ప్రామాణిక స్కోరు చెబుతుంది. ఆ దూరాన్ని కొలిచే గజం పేరు ప్రామాణిక విచలనం. పిల్లల మార్కులు సగటు చుట్టూ మామూలుగా ఎంత చెదిరి ఉంటాయో అది చెబుతుంది.

ఈ చిన్న పట్టికను ఫోన్లో దాచుకోండి. ఇందులో ప్రామాణిక స్కోరు సగటు 100, విచలనం 15 ఉండే స్కేలుది; టీ-స్కోరు సగటు 50, విచలనం 10 ఉండే స్కేలుది. స్కోర్లు గంట ఆకారపు వంపులో పరుచుకున్నప్పుడు ఇది సరిపోతుంది:

- ప్రామాణిక స్కోరు 70, టీ-స్కోరు 30: పర్సంటైల్ 2
- 85, టీ-స్కోరు 40: పర్సంటైల్ 16
- 90: పర్సంటైల్ 25
- 100, టీ-స్కోరు 50: పర్సంటైల్ 50
- 110: పర్సంటైల్ 75
- 115, టీ-స్కోరు 60: పర్సంటైల్ 84
- 130, టీ-స్కోరు 70: పర్సంటైల్ 98

రిపోర్టులో స్టానైన్ అని 1 నుంచి 9 దాకా అంకె ఉంటే, 4, 5, 6 వచ్చినవాళ్లంతా మధ్యస్థం. నూటికి 54 మంది అక్కడే ఉంటారు.

60 అనే అంకె టీ-స్కోరు అయితే బాగా పైన ఉన్నట్టు. అదే 60 సగటు 100 ఉండే స్కేలు మీద అయితే చాలా కింద ఉన్నట్టు. స్కేలు ఏదో చూడకుండా అంకె చదవకండి.

ఇంట్లో, బడిలో కూడా ఈ లెక్క పనికొస్తుంది. ఒక పిల్లాడికి లెక్కల్లో 58, భాషలో 72 వచ్చాయి. ఇంట్లో లెక్కల గురించి తిట్లు, భాష గురించి మెచ్చుకోలు. తరగతి వివరాలు తీస్తే లెక్కల్లో సగటు 46, విచలనం 8. భాషలో సగటు 70, విచలనం 10. ఇప్పుడు లెక్కేయండి:

- లెక్కలు: 58 లోంచి 46 తీసేస్తే 12. దాన్ని 8తో భాగిస్తే +1.5
- భాష: 72 లోంచి 70 తీసేస్తే 2. దాన్ని 10తో భాగిస్తే +0.2

లెక్కల ప్రశ్నపత్రం కఠినంగా వచ్చింది, అంతే. పిల్లాడు తోటివాళ్లకన్నా ఎంతో ముందున్న సబ్జెక్టుకే తిట్లు తిన్నాడు. ఇలాంటివి చూసినప్పుడు నిజంగా బాధేస్తుంది.

ఒక జాగ్రత్త. తక్కువమంది ఉన్న తరగతి మార్కులు గంట ఆకారంలో ఉంటాయన్న నమ్మకం లేదు. కాబట్టి ఈ +1.5ను పట్టికలో వెతికి పర్సంటైల్‌గా మార్చకండి. తరగతి పర్సంటైల్ కావాలంటే నాలుగో మెట్టులోలా మనుషుల్నే లెక్కపెట్టండి.

7. ఒక్క అంకె వదిలేసి బ్యాండ్ చదవండి

ఏ టెస్టూ తూకపు రాయి కాదు. అదే పిల్లాడు వచ్చే వారం రాస్తే కాస్త అటో ఇటో వస్తుంది. ఎంత ఊగిసలాట ఉంటుందో చెప్పేదే కొలతలో ప్రామాణిక దోషం. టెస్టుతో వచ్చే వివరాల పుస్తకం (మాన్యువల్)లో దాన్ని ఎస్‌ఈఎం అని రాస్తారు.

ఆ ఊగిసలాటను కలుపుకుని చూపే రేంజే బ్యాండ్, మొదటి మెట్టులో బ్రాకెట్లో చూసినదే. రిపోర్టులో అది ఇవ్వకపోతే మీరే కట్టొచ్చు:

1) మాన్యువల్లో విశ్వసనీయత అంకె వెతకండి. స్కోరు ఎంత నిలకడగా వస్తుందో అది 0 నుంచి 1 మధ్య చెబుతుంది. ఉదాహరణకు 0.91.
2) దాన్ని 1లోంచి తీసేయండి: 0.09.
3) వర్గమూలం తీయండి: 0.3.
4) స్కేలు విచలనంతో గుణించండి: 15 × 0.3 = 4.5. ఇదే ఎస్‌ఈఎం.
5) 95 శాతం నమ్మకం కోసం దాన్ని 1.96తో గుణించండి: దాదాపు 9.

పిల్లాడికి 92 వచ్చిందనుకోండి. బ్యాండ్ 83 నుంచి 101. పర్సంటైల్‌లో చెప్పాలంటే దాదాపు 13 నుంచి 53 దాకా. "30 పర్సంటైల్" అని ఖచ్చితంగా కనిపించిన అంకె వెనక ఇంత వెడల్పుంది. 0.91 అంటే మంచి విశ్వసనీయతే. పదేసి ప్రశ్నల చిన్న విభాగాల్లో విశ్వసనీయత ఇంకా తక్కువ ఉంటుంది, బ్యాండ్ ఇంకా వెడల్పవుతుంది.

పిల్లాణ్ని ఏదైనా కార్యక్రమంలో చేర్చడానికి 90 గీత పెట్టారనుకోండి. 89 వచ్చిన పిల్లనూ 91 వచ్చిన పిల్లనూ ఆ టెస్టు విడదీయలేదు. గీత దగ్గర ఉన్న పిల్లలకు ఇంకో ఆధారం తప్పనిసరి: టీచరు పరిశీలన, రాసిన నోట్సులు, మరో టెస్టు.

8. రెండు స్కోర్ల తేడా నిజమైనదేనా అని పరీక్షించండి

"చదవడంలో 101, లెక్కల్లో 92. లెక్కల్లో వీక్ కదా?" అని వెంటనే తేల్చేస్తారు. ఆగండి. రెండు స్కోర్లూ ఊగుతున్నప్పుడు వాటి తేడా ఇంకా ఎక్కువ ఊగుతుంది.

రెండింటి ఎస్‌ఈఎం 4.5 అయితే: ఒక్కోదాన్ని వర్గం చేసి, కూడి, వర్గమూలం తీయండి. దాదాపు 6.4 వస్తుంది. 1.96తో గుణిస్తే సుమారు 12.5. తేడా అంతకన్నా తక్కువైతే, ఆ టెస్టు ఆధారంగా ఒకదాంట్లో వీక్ అనకూడదు. ఇక్కడ తేడా 9 మాత్రమే.

12.5 దాటినా కంగారు పడక్కర్లేదు. అంత తేడా ఎంతమంది పిల్లల్లో కనిపిస్తుందో మాన్యువల్లో పట్టిక ఉంటే చూడండి. చాలామందిలో మామూలుగా ఉండే తేడా నిజమైనదే కావచ్చు, కానీ సమస్య కాదు.

9. పోయినేడాదితో పోల్చేటప్పుడు

ఎక్కువమంది నిరాశపడేది ఇక్కడే. "పోయినేడాది 40 పర్సంటైల్, ఈ ఏడాదీ 40. ఏడాదంతా ఏమీ నేర్చుకోలేదు." కాదు. తోటివాళ్లంతా ఏడాదిపాటు ముందుకు నడిచారు. ఇతనూ వాళ్లతో సమానంగా నడిచాడు కాబట్టే చోటు మారలేదు. ఎంత నేర్చుకున్నాడో తెలియాలంటే ముడి మార్కులు, లేదా తరగతులన్నిటికీ కలిపి ఒకే కొలతగా ఇచ్చే స్కేలు స్కోరు చూడండి.

ఇంకో ఉచ్చు. అందరికన్నా తక్కువ వచ్చినవాళ్లను ఎంచుకుని మళ్లీ పరీక్ష పెడితే, ఏమీ చెప్పకపోయినా వాళ్ల సగటు కాస్త పెరుగుతుంది. మొదటిసారి ఒంట్లో బాగోకనో, అదృష్టం కలిసిరాకో అట్టడుగుకు పడినవాళ్లు ఆ గుంపులో ఉంటారు. అలాగే అందరికన్నా ఎక్కువ వచ్చినవాళ్లు రెండోసారి కాస్త తగ్గుతారు. 130 వచ్చిన పిల్లకు తర్వాత 126 వస్తే ఆమె చదువు పాడైందని అనుకోకండి.

చూసుకోండి:

☐ రెండుసార్లూ ఒకే టెస్టు, ఒకే ఎడిషనా?
☐ ఏడాదిలో ఒకే సమయంలో పెట్టారా?
☐ మార్పు బ్యాండ్ దాటిందా?
☐ అవే ప్రశ్నలు కొద్ది రోజుల్లోనే మళ్లీ ఇచ్చారా? అయితే అలవాటు వల్ల కొంత పెరుగుతుంది.

10. తరచూ జరిగే తప్పులు, వాటికి దిద్దుబాటు

తప్పు: మూడో తరగతి పిల్లకు "గ్రేడ్ ఈక్వివలెంట్ 6.2" వచ్చిందని ఆరో తరగతి పుస్తకం ఇచ్చేయడం.
దిద్దుబాటు: ఆరో తరగతి రెండో నెలలో ఉన్న సగటు పిల్ల ఈ మూడో తరగతి టెస్టు రాస్తే ఎన్ని మార్కులు వస్తాయో, ఈమెకు అన్ని వచ్చాయని మాత్రమే దానర్థం. ఆరో తరగతి పాఠాలు ఆమె చూడనే లేదు. చాలాసార్లు ఆ అంకె నేరుగా పరీక్షించి తీసింది కూడా కాదు, గీత పొడిగించి అంచనా కట్టింది. ఈ అంకెను పక్కన పెట్టి పర్సంటైల్, బ్యాండ్ చూడమని నా సలహా.

తప్పు: 50 పర్సంటైల్ కన్నా తక్కువ ఉంటే వెనకబాటు అనుకోవడం.
దిద్దుబాటు: పోలిక బృందంలో సగంమంది ఎప్పుడూ 50కి కిందే ఉంటారు, వాళ్లు ఎంత బాగా చదివినా సరే. 25 నుంచి 75 మధ్య ఉన్నదాన్ని మధ్యస్థంగా చదవండి.

తప్పు: అన్నీ సరిగా చేసిన పిల్లకు "ఇంతే సత్తా" అని గీత గీయడం.
దిద్దుబాటు: టెస్టు పైకప్పు తగిలింది, అంతే. పై స్థాయి టెస్టు పెట్టాలి. ఒక్కటీ చేయలేని పిల్లాడికి కింది స్థాయిది.

తప్పు: పిల్లాడు నిద్రపోతూ రాసినా, సగంలో వదిలేసినా స్కోరును అలాగే చదవడం.
దిద్దుబాటు: టెస్టు జరిగిన తీరు రిపోర్టులో రాయించండి. నార్మ్ బృందం రాసిన పరిస్థితుల్లో ఇతను రాయలేదు కాబట్టి పోలిక చెల్లదు.

11. పిల్లలకూ పెద్దలకూ చెప్పేటప్పుడు

అంకెతో మొదలుపెట్టకండి. ముందు పిల్ల ఏం చేయగలిగిందో చెప్పండి, తర్వాత చోటు, ఆ తర్వాత బ్యాండ్.

టీచర్లు ఈ వాక్యాన్ని అచ్చుగా వాడుకోవచ్చు: "ఇదే తరగతి పిల్లలు వంద మందిని వరుసలో నిలబెడితే, చదవడంలో మీ పాప కింది నుంచి 13వ చోటుకీ 53వ చోటుకీ మధ్య ఎక్కడో ఉంటుంది, ఎక్కువగా 30 దగ్గర. కథ చదివి అర్థం చేసుకుంటోంది. పెద్ద పదాల దగ్గర ఆగిపోతోంది. రోజూ పది నిమిషాలు ఆ పదాలు పైకి చదివిద్దాం."

ఇందులో చోటుంది, బ్యాండ్ ఉంది, రేపు చేయాల్సిన పని ఉంది. మొదట్లో చెప్పిన ఆ తండ్రికి కూడా ఇలాగే చెప్పాను. ఆయన కాగితం మళ్లీ తిరగేసి, "అంటే వందలో ముప్పై అయిదుగురి కన్నా ముందున్నాడన్న మాట" అన్నారు. సరిగ్గా అదే. ఆ మాట ఇంటికెళ్లి బాబుకు చెప్పమన్నాను, కోప్పడినందుకు సారీతో సహా.